పంచాయతీ ఆఫీసు దాకా ఫైబర్ వచ్చింది, ఇంటికి రావాలంటే ఎవరిని పట్టుకోవాలి? (కళ్యాణదుర్గం వైపు)

వేరుశనగ_చేను
అందరికీ నమస్కారం. మాది కళ్యాణదుర్గం నుంచి లోపలికి పోయే ఒక పల్లె, రెండు వందల గడప ఉంటుంది. నేను బెంగళూరు కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. వారంలో రెండు రోజులు ఆఫీసుకు వస్తే చాలన్నారు. నాయనకు మోకాళ్ల నొప్పులు, చీనీ తోటలో మనిషి అవసరం, కాబట్టి ఊర్లోనే ఉండిపోవాలని ఉంది. చెల్లెలు డీఎస్సీకి ఆన్‌లైన్ క్లాసులు వింటోంది. అన్నిటికీ అడ్డం పడేది నెట్ ఒక్కటే.

ఫోన్లో 5జీ అని చూపిస్తుంది. పొద్దున పూట పర్వాలేదు. సాయంత్రం ఆరు దాటితే మీటింగ్‌లో నా మాట తెగి తెగి వినిపిస్తుందంట, మేనేజర్ ముందు ఒకటే టెన్షన్. పంచాయతీ ఆఫీసుకు ఫైబర్ వచ్చి ఏళ్లయింది, గోడకు డబ్బా కూడా ఉంది. మా ఇల్లు అక్కడికి అర కిలోమీటరు కూడా ఉండదు. పక్కనున్న పెద్ద ఊర్లో కేబుల్ ఆయన ఇంటింటికీ నెట్ ఇస్తున్నాడు. మా ఊరికి రమ్మంటే "దూరం అప్పా, లైను పడదు" అంటాడు, ఇంకోసారి అడిగితే "నాకు గిట్టదు" అంటాడు.

వైరు రావాలంటే ఎవరిని అడగాలి? ఖర్చు మేమే పెట్టుకుంటే ఎంతవుతుంది? వేరే దారి ఏదన్నా ఉందా? టవర్ దగ్గరికి పోయి కూర్చో అని మాత్రం చెప్పకండి, అది చేస్తూనే ఉన్నా.

బత్తలపల్లి_బాబు
గుర్తు 5జీ, పని 2జీ. మా ఊర్లోనూ ఇదే కథ. ఎవరైనా దారి చెబితే నాకూ కావాలి.

గుంతకల్లు_జాయింటర్
నేను చేసేది ఫైబర్ జాయింట్లు కొట్టే పనే, కాబట్టి ఆయన చెప్పిన రెండు కారణాలూ విడివిడిగా చూద్దాం.

"దూరం, లైను పడదు" అన్నది నమ్మొద్దు. ఇళ్లకు నెట్ ఇచ్చే జీపాన్ పద్ధతిలో (ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే పద్ధతి) ఆపరేటర్ దగ్గరుండే ఓఎల్‌టీ అనే పెట్టె నుంచి 20 కిలోమీటర్ల దాకా లైటు పోతుంది. లైటు ఎంత తగ్గిందో డెసిబెల్, అంటే డీబీల్లో కొలుస్తాం, కిలోమీటరుకు తగ్గేది 0.3 డీబీ అటూ ఇటూ. అసలు తినేసేది స్ప్లిటర్, అంటే లైటును ఇళ్లకు పంచే ముక్క. ఒక పోగును 32 ఇళ్లకు పంచితే అక్కడే 17 డీబీ పోతుంది. మొత్తం నష్టం 28 డీబీ లోపల ఉంటే చాలు. అంటే మీ ఊరు పది కిలోమీటర్లున్నా దూరానికి పోయేది మూడు డీబీనే. డ్రిప్ వేసిన వాళ్లకు ఇది తెలిసిన సంగతే, మెయిన్ పైపు పొడుగు కంటే దానికి ఎన్ని లేటరల్స్, అంటే పక్క పైపులు, తగిలించామన్నదే ప్రెజర్‌ను తినేది.

"గిట్టదు" అన్నది మాత్రం నిజం. ఇంటికి వేసే సన్న డ్రాప్ వైరు మీటరు పది రూపాయల లోపే. ఇంట్లో డబ్బా వెయ్యిన్నర నుంచి రెండు వేలు. ఖర్చంతా ఊరి దాకా వచ్చే మెయిన్ కేబుల్‌దే. కరెంటు స్తంభాల మీద లాగితే కొంత చవక, నేల తవ్వి పూడిస్తే దానికి ఎన్నో రెట్లు. పైగా స్తంభాలకు అనుమతి, అద్దె. మంచి జాయింట్ మెషిన్ లక్ష దాటుతుంది, అది చేతిలో ఉన్న మనిషి పల్లెల్లో దొరకడు. ఇంత పెట్టి మీ ఒక్క ఇంటి నుంచి నెలకు ఐదు వందలు వసూలు చేసుకోవడానికి ఎవడూ రాడు. ముప్పై ఇళ్లు ఒక్క కాగితం మీద సంతకం పెట్టి అడ్వాన్స్ చేతిలో పెడితే అదే మనిషి నిచ్చెన వేసుకుని వస్తాడు.

ఇక సాయంత్రం పడిపోవడం. మీ ఫోన్‌కూ టవర్‌కూ మధ్య దారి బాగానే ఉండొచ్చు. టవర్ నుంచి అవతలికి పోయే దారి ఇరుకు. చాలా పల్లె టవర్లకు ఇప్పటికీ ఫైబర్ లేదు, మైక్రోవేవ్ డిష్‌ల మీద, అంటే వైరు లేకుండా గాలిలోనే, నడుస్తాయి. 2019 డిసెంబర్‌లో మొదలైన నేషనల్ బ్రాడ్‌బ్యాండ్ మిషన్‌లో 70 శాతం టవర్లకు ఫైబర్ కలపాలని రాసుకున్నారు. అక్కడికి ఇంకా చేరలేదు. ఊరంతా అన్నం తిని ఫోన్ పట్టుకునే టైముకు ఆ దారి నిండిపోతుంది, అంతే.

వేరుశనగ_చేను
జాయింటర్ అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మరి పంచాయతీ గోడ మీద డబ్బా సంగతేంటి? ఊర్లోకి ఫైబర్ వచ్చేసినట్టే కదా, అక్కడి నుంచి లాగితే సరిపోదా?

పెన్నా_ఒడ్డు_పెద్దాయన
ఆ డబ్బా సంగతి నేను చెబుతాను. టెలికాం శాఖలో చేరి రిటైరైన వాణ్ణి, ఉండేది ప్రొద్దుటూరు.

పల్లెలకు ఫోన్లు, నెట్ ఇవ్వడానికి కంపెనీలు తమ రాబడిలో 5 శాతం కట్టే నిధి ఒకటి ఉంది. 2002 నుంచి యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్ అనేవారు, 2023 టెలికాం చట్టంతో డిజిటల్ భారత్ నిధి అయింది. ఆ డబ్బుతోనే 2011 అక్టోబర్‌లో దేశంలోని రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ వేయాలని నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ మొదలుపెట్టారు. అదే తర్వాత భారత్‌నెట్. రెండో దశలో ఆంధ్రప్రదేశ్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో పని రాష్ట్రమే చేసింది, మన దగ్గర ఫైబర్‌నెట్ సంస్థ.

పథకం గురి పంచాయతీ దాకానే. డబ్బా పెట్టి, లైటు వెలిగించి, ఫోటో తీస్తే లెక్కలో ఆ పంచాయతీ కలిసిపోయినట్టే. అక్కడి నుంచి ఇళ్లకు ఎవరు లాగాలి, తెగితే ఎవరు అతకాలి, నెలనెలా ఎవరు వసూలు చేయాలి అన్నది ఎవరికీ అంటని పని. మండలం నుంచి పంచాయతీకి ఒకటే తీగ. రోడ్డు వెడల్పు చేసే జేసీబీ ఒక్క గంటు పెడితే ఆ దారిలోని ఊళ్లన్నీ ఆగిపోతాయి. దాన్ని అతికే మనిషికి జీతం రాసిన కాగితం లేదు. నన్నడిగితే వేయడానికి డబ్బు దొరికింది, కాపాడటానికి దొరకలేదు. ఇదే మొత్తం జబ్బు.

2023 ఆగస్టు 4న కేంద్ర కేబినెట్ సవరించిన భారత్‌నెట్‌కు 1,39,579 కోట్ల రూపాయలు ఒప్పుకుంది. ఈసారి రింగు పద్ధతి. ఒక పక్క తెగినా ఇంకో పక్క నుంచి వస్తుంది. మూడేళ్లు కట్టడం, పదేళ్లు అదే కాంట్రాక్టర్ నిర్వహణ అని టెండర్లలోనే పెట్టారు. కోటిన్నర ఇళ్లకు కనెక్షన్ ఇవ్వాలన్నది లక్ష్యం. ఊర్లో కుర్రాళ్లు "ఉద్యమి"గా చేరి ఇళ్లకు కనెక్షన్లు ఇస్తే వచ్చే డబ్బులో సగం వాళ్లకు. కాగితం మీద బాగుంది. పదేళ్ల నిర్వహణను ఎవరు తనిఖీ చేస్తారన్న దాని మీదే మిగతాదంతా ఉంటుంది.

కాబట్టి బాబూ, ఆ డబ్బా నుంచి నువ్వే వైరు లాక్కోవడం కుదరదు. ముందు దానికి లైటు వస్తోందో లేదో చూడు. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ను అడిగితే తెలుస్తుంది.

వేరుశనగ_చేను
అడిగాను సార్. ఆ అమ్మాయి నవ్వి, తన ఫోన్ హాట్‌స్పాట్ చూపించింది.

బత్తలపల్లి_బాబు
😂😂

ధర్మవరం_లెక్కలు
అందరూ ప్రభుత్వ పథకాల జాతకాలు చదువుతున్నారు. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది, ఆ తర్వాత కంపెనీల పోటీలో డేటా ధర నేలకు దిగింది. అంతకుముందు ఒక జీబీకి రెండొందల పైన పెట్టిన రోజులు మర్చిపోయారా? పల్లెకు నెట్ తెచ్చింది నిధులు కాదు, పోటీ. ఇప్పుడు ఫైబర్ లాగలేని చోట గాలిలో ఇచ్చే ఎయిర్‌ఫైబర్ ఉంది, రేపు శాటిలైట్ వస్తుంది. శాటిలైట్ నెట్ ఇచ్చే స్టార్‌లింక్‌కు 2025 జూన్‌లో లైసెన్స్ కూడా ఇచ్చారు. ప్రభుత్వం దారికి అడ్డం లేకుండా ఉంటే చాలు.

గుంతకల్లు_జాయింటర్
ఎయిర్‌ఫైబర్ కూడా టవర్ మీదే కదా అన్నా. టవర్ వెనక దారి ఇరుకైతే మిద్దె మీద పెద్ద డబ్బా పెట్టుకున్నా సాయంత్రం అంతే. సిటీలో బాగుంటుంది, మండల కేంద్రాల్లోనూ పర్వాలేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కలు చూడండి, 2025 మార్చికి దేశంలో బ్రాడ్‌బ్యాండ్ వాడేవాళ్లు 94 కోట్లు దాటారు, అందులో వైరు మీద ఉన్నది 4 కోట్ల చిల్లర. మిగిలిన బరువంతా టవర్ల మీదే. పోటీ ఇద్దరు ముగ్గురి మధ్యే మిగిలాక ఏమైందో 2024 జూలైలో చూశాం. రోజుకు ఒకటిన్నర జీబీ ప్లాన్ 239 నుంచి ఒకేసారి 299 అయింది.

కౌతాళం_టీచరమ్మ
299 అన్నారు కాబట్టి మా బడి పిల్లల ఇళ్ల లెక్క చెబుతాను. అది 28 రోజుల ప్లాన్. ఏడాదికి పదమూడు సార్లు వేయించాలి, 3,887 రూపాయలు. ఇంట్లో ఫోన్లు రెండైతే 7,774. ఉపాధి హామీ కూలి 2024-25లో మన రాష్ట్రంలో రోజుకు 300 ఉండేది. అంటే ఒక్క రీఛార్జికి ఒక రోజు కూలి. దేశ తలసరి నెల ఆదాయంలో నెట్ ఖర్చు 2 శాతం దాటకూడదని ఐక్యరాజ్య సమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ పెట్టుకున్న లక్ష్యం ఒకటి ఉంది. అదే కొలత నెలకు పది వేలు వచ్చే ఇంటికి పెడితే రెండు వందలు. ప్రపంచంలోనే చవక డేటా మనదని గొప్పలు చెప్పుకునేవాళ్లు ఒక జీబీ ధర చెబుతారు. కూలి ఇల్లు జీబీలు కొనదు, ఇరవై ఎనిమిది రోజులు కొంటుంది.

ఫైబర్ చవక కదా అంటారు. 399 ప్లాన్‌కు 18 శాతం జీఎస్టీ కలిపితే 471. ఇంటిల్లిపాదికీ ఒకటే, నిజమే. కానీ ఫైబర్ పెట్టుకున్నంత మాత్రాన సిమ్ రీఛార్జి మానలేరు. రేషన్, బ్యాంకు, గ్యాస్, పిల్లల హాల్ టికెట్, ఏది కావాలన్నా ఓటీపీ ఫోన్‌కే రావాలి. కాబట్టి పేద ఇంటికి ఫైబర్ అంటే సిమ్ ఖర్చు మీద ఇంకొక ఖర్చు.

ఇంకొక విషయం ఎవరూ మాట్లాడరు. మా కోసిగి, కౌతాళం, హొళగుంద వైపు పత్తి, మిరప కోతల కాలం వస్తే ఇళ్లకు తాళాలేసి గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతారు. మూడు నాలుగు నెలలు ఊర్లో ముసలివాళ్లే. తాళం వేసిన ఇంటికి నెల బిల్లు ఎవరు కడతారు? కట్టకపోతే కనెక్షన్ తీసేసి, తిరిగి వచ్చాక మళ్లీ డిపాజిట్ అంటారు. సుగ్గి నెలల్లో ఆపి, తిరిగొచ్చిన రోజు నుంచి మొదలుపెట్టుకునే ప్లాన్ ఒక్క కంపెనీ దగ్గరా నేను చూడలేదు. ప్లాన్లు రాసేవాళ్లకు నెల జీతం వచ్చే ఇళ్లే తెలుసు.

ధర్మవరం_లెక్కలు
టీచరమ్మా, సుగ్గి మాట ఒప్పుకుంటాను. కానీ పేద ఇళ్లలో ఫోన్లే లేనట్టు చెప్పడం పాత మాట. 2025 మొదట్లో కేంద్రం చేసిన సర్వేలో 85 శాతం ఇళ్లలో కనీసం ఒక స్మార్ట్‌ఫోన్ ఉందని తేలింది.

కౌతాళం_టీచరమ్మ
లేదని నేను అనలేదు సార్. ఇంట్లో ఒక ఫోన్ ఉండటం వేరు, అది ఎవరి జేబులో ఉంటుందన్నది వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడామన్న ఆడవాళ్లు మన రాష్ట్రంలో 21 శాతం, మగవాళ్లు 48.8 శాతం. కరోనా తర్వాత పెరిగే ఉంటుంది, సంతోషమే. కానీ మా తొమ్మిదో తరగతి ఆడపిల్ల ఫోన్ కావాలంటే నాయన పొలం నుంచి రావాలి, అన్న ఆట ఆపాలి, అప్పటికి ఆ రోజు డేటా అయిపోయి ఉంటుంది. ఇంట్లో వైరు ఉండి, బడి నుంచి ఒక పాత ట్యాబ్ ఇస్తే ఆ పిల్ల ఎవర్నీ అడగాల్సిన పని లేదు. నేను ఫైబర్ కావాలనేది అందుకే. ధర కట్టేది ఎవరన్నదే నా గొడవ.

నార్పల_మేటు
అందరికీ నమస్తే. నేను ఉపాధి హామీ పనిలో మేటుని, కూలీల హాజరు వేసేవాణ్ణి. మా మండలంలోని బండ్లపల్లిలోనే 2006 ఫిబ్రవరి 2న మన్మోహన్ సింగ్ గారు ఈ పథకం మొదలుపెట్టారు. అప్పుడు హాజరుకు మస్టర్ కాగితం. 2023 జనవరి నుంచి హాజరంతా యాప్‌లోనే, రోజుకు రెండు ఫోటోలు. పని జరిగేది యాడ? చెరువు కట్ట వెనక, గుట్ట కింద. అక్కడ సిగ్నల్ ఉంటే కదా. ఫోటో తీసుకుని సిగ్నల్ ఉన్న చోటికి పోయి ఎక్కించొచ్చు, కానీ ఒక్కోసారి ఎక్కదు. ఎక్కకపోతే ఆ రోజు కూలి గురించి నన్ను అడుగుతారు. పెట్రోలు నాది, డేటా నాది, తిట్లూ నాకే. మీరు ఐటీ ఉద్యోగం గురించి మాట్లాడుకుంటున్నారు, మంచిదే. మాకు నెట్ లేకపోతే చేసిన పనికే డబ్బు రాదు.

వేరుశనగ_చేను
అన్నా, మీరు చెప్పింది నేను ఆలోచించని విషయం. ఆ కూలి తర్వాతైనా వస్తుందా?

నార్పల_మేటు
ఆఫీసుకు తిరిగి అడిగితే కొన్నిసార్లు సరిచేస్తారు. తిరిగే ఓపిక ఉండాలి అంతే.

పెన్నా_ఒడ్డు_పెద్దాయన
మేటు చెప్పిందే పెద్ద మాట. సేవలన్నీ ఫోన్లోకి తోసేటప్పుడు నెట్ ఇవ్వడం కూడా ఆ సేవలో భాగం కావాలి. 2025 జనవరి 30న మన రాష్ట్రంలో 161 సేవలతో వాట్సాప్‌లో మన మిత్ర మొదలైంది. మీసేవ ముందు నిలబడే పని తప్పింది, నేనూ వాడుతున్నాను. అదే ఏడాది ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్లు ఈ-కేవైసీ (ఆన్‌లైన్‌లో గుర్తింపు నిర్ధారణ) చేయించుకోలేకపోతున్నారన్న కేసులో, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని తేల్చింది. హక్కని తేలాక ఇక సిగ్నల్ లేదన్నది సాకుగా నిలవకూడదు.

ధర్మవరం_లెక్కలు
హక్కులు తీర్పుల్లో ఉంటాయి పెద్దాయనా, బిల్లు మాత్రం ఎవరో ఒకరు కట్టాలి. కేరళలో కేఫోన్ అనే ప్రభుత్వ ఫైబర్ పథకంలో 20 లక్షల పేద ఇళ్లకు ఉచితంగా ఇస్తామన్నారు. 2023 జూన్‌లో మొదలుపెట్టినప్పుడు తొలి విడతకు పెట్టుకున్నది నియోజకవర్గానికి వంద చొప్పున 14 వేల ఇళ్లు.

కౌతాళం_టీచరమ్మ
14 వేలైనా పేరు రాసి ఇచ్చారు కదండీ. మన జిల్లాల్లో ఆ జాబితా ఎక్కడుంది?

ఆదోని_అబ్బాయి
మన దగ్గరా ఫైబర్‌నెట్ ఉంది కదా. 149 రూపాయలకు టీవీ, నెట్, ఫోన్ మూడూ అన్నారు. చెడగొట్టింది ఎవరో అందరికీ తెలుసు. ఆ పార్టీ వాళ్లు...

మోడరేటర్
ఆదోని_అబ్బాయి, మీ పోస్టులో పార్టీల గురించిన భాగం తీసేశాను. ఎవరి హయాంలో ఏం జరిగిందో తిట్టుకోవడానికి వేరే థ్రెడ్ ఉంది. ఇక్కడ నెట్ గురించే.

గుంతకల్లు_జాయింటర్
పార్టీలు వదిలేసి పని గురించి చెబుతా, ఎందుకంటే ఆ ఆలోచన మంచిది. 2015లో సంస్థ పెట్టారు. తవ్వుడు ఖర్చు లేకుండా సుమారు 24 వేల కిలోమీటర్ల కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదే వేశారు. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. 149కి 15 ఎంబీపీఎస్ అంటే ఆ రోజుల్లో మామూలు మాట కాదు. దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనడానికి కనీస వేగం అప్పుడు 512 కేబీపీఎస్, 2023లో గానీ దాన్ని 2 ఎంబీపీఎస్‌కు పెంచలేదు. ఇళ్లకు లాగే పని ఊరి కేబుల్ ఆపరేటర్లకు అప్పగించడం తెలివైన పని, ఎందుకంటే ఏ వీధిలో ఎవరిల్లు ఎక్కడో వాళ్లకే తెలుసు.

కష్టం ఎక్కడంటే, 149లో ఆపరేటర్ వాటా పోను, డబ్బాల ఖర్చు, టీవీ ఛానళ్ల డబ్బు, మరమ్మతు అన్నీ రావాలి. ధర తర్వాత పెరగక తప్పలేదు. స్తంభం మీద కేబుల్‌కు ఇంకొక బాధ, గాలివానకు స్తంభం పడితే కరెంటు వాళ్లు ముందు కరెంటు తీగ చూస్తారు, మన తీగ కింద దుమ్ములో పడి ఉంటుంది, దాని మీద ట్రాక్టర్ పోతుంది. కరెంటు పోయినప్పుడు ఇంట్లో డబ్బా కూడా ఆగిపోతుంది. దానికి వెయ్యి రూపాయల చిన్న యూపీఎస్ పెట్టుకోండి, ఎవరూ చెప్పరు కానీ చాలా అవసరం.

నల్లమల_దారి
మీరంతా ముప్పై ఇళ్లు కలిస్తే అంటున్నారు. మాది ఆత్మకూరు, పాత కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల. ఇక్కడి నుంచి దోర్నాల పోయే అడవి దారిలో ఫోన్ చచ్చిపోయే చోట్లున్నాయి. చెంచు గూడేల్లో కొన్నింట్లో ముప్పై ఇళ్లే ఉండవు. పులుల అభయారణ్యం, ఒక గుంజ పాతాలన్నా అటవీ శాఖ అనుమతి. పైన లాగిన తీగను కోతులు కొరికేస్తాయి. అక్కడ పోటీ పడటానికి ఏ కంపెనీ వస్తుంది లెక్కలన్నా?

ధర్మవరం_లెక్కలు
అలాంటి చోట ప్రభుత్వం పెట్టాల్సిందే, దానికి నేను కాదనలేదు. కేంద్రం 2022 జూలైలో సిగ్నల్ లేని 24,680 ఊళ్లకు 4జీ టవర్లంటూ 26,316 కోట్లు ఇచ్చింది, బీఎస్ఎన్ఎల్‌కే. నేను కాదనేది, ఏసీ గదిలో కూర్చునే నాలాంటి వాడికి కూడా సబ్సిడీ నెట్ ఇవ్వడాన్ని.

నల్లమల_దారి
ఆ మాట బాగుంది. గూడెంలో టవర్ లేచాక డీజిల్, బ్యాటరీ చూసే మనిషిని కూడా అదే గూడెం నుంచి పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది. బయటి మనిషి వచ్చేసరికి రెండు రోజులు.

జమ్మలమడుగు_కిరాణా
వేరుశనగ తమ్ముడూ, ఇంటికి వైరు వచ్చేలోపు ఇంకో దారి చెబుతాను. పీఎం-వాణి. 2020 డిసెంబర్‌లో కేంద్రం ఒప్పుకున్న పథకం. కొట్టు ఉన్నవాడు ఎవరైనా తన కనెక్షన్‌ను వైఫైగా చిల్లరగా అమ్ముకోవచ్చు, లైసెన్స్ లేదు, రిజిస్ట్రేషన్ ఫీజు లేదు. పాత ఎస్టీడీ బూత్ పద్ధతే. నా కొట్లో రోజుకు ఐదు రూపాయల కూపన్ నుంచి ఉంది. సాయంత్రం కుర్రాళ్లు, పరీక్షలకు చదివేవాళ్లు, ఫోన్‌పే చేయాలి అన్నా అని వచ్చేవాళ్లు.

మొదట్లో ఇబ్బంది పడ్డాను. కనెక్షన్ అడిగితే ఒక కంపెనీ వాళ్లు, వైఫై అమ్మేవాడివి కాబట్టి ఆఫీసులకిచ్చే లీజ్డ్ లైన్ తీసుకోమన్నారు. ఏడాదికి ఆ డబ్బుతో ఇంకో కొట్టు పెట్టొచ్చు. 2025 జూన్‌లో ట్రాయ్ ఆర్డర్ ఇచ్చింది, 200 ఎంబీపీఎస్ లోపు ఇంటి ప్లాన్లు మాలాంటి కొట్లకూ ఇవ్వాలి, ఇంటి ధరకు రెట్టింపు మించకూడదు అని. ఇంటికి 500 అయితే నాకు వెయ్యి దాటకూడదు. అప్పటి నుంచి గిట్టుబాటు అవుతోంది. లాభం అని చెప్పను, నెట్ కోసం వచ్చినవాడు బిస్కెట్ కొంటాడు, అదే లాభం.

కౌతాళం_టీచరమ్మ
కొట్టు ముందు అరుగు మీద సాయంత్రం పూట మా ఆడపిల్లలు కూర్చోరు కదా అన్నా?

జమ్మలమడుగు_కిరాణా
కూర్చోరు మేడమ్, నిజం. అందుకే వెనక గోడకు, అంగన్‌వాడీ వైపు ఇంకొక వైఫై యాక్సెస్ పాయింట్ పెట్టా. మధ్యాహ్నం పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చే తల్లులు అక్కడ వాడుతున్నారు. కూపన్ కోసం కొట్లోకి రానక్కర్లేదు, అంగన్‌వాడీ ఆయమ్మ దగ్గర ఉంచా.

కౌతాళం_టీచరమ్మ
ఇది విని చాలా సంతోషమైంది. మా హెచ్చెమ్‌కు ఈ పోస్టు చూపిస్తా. బడి గోడకూ ఇట్లా పెట్టొచ్చు, సెలవుల్లో కూడా పనికొస్తుంది.

వేరుశనగ_చేను
కొత్త సంగతి చెప్పాలి. మీరు చెప్పినట్టే రచ్చకట్ట దగ్గర నలుగుర్నీ కూర్చోబెట్టాం. ఇళ్లు ముప్పై కాలేదు, ఇరవై ఆరు అయ్యాయి. కేబుల్ ఆయన్ను పిలిచి జీపాన్, స్ప్లిటర్ అని రెండు మాటలు అనగానే ఆయన మొహం చూడాలి, దూరం మాట మళ్లీ ఎత్తలేదు. ఇంటికి 1,500 అడ్వాన్స్ అడుగుతున్నాడు, స్తంభాల అనుమతి తానే చూసుకుంటానన్నాడు. ఒప్పందం కాగితం రాసుకుందామనుకుంటున్నాం. ఏమేం రాయాలి? మాలో కొందరు వానలు లేని ఏడాది బెంగళూరు పనులకు పోతారు, టీచరమ్మ చెప్పిన సుగ్గి విషయం మాకూ వర్తిస్తుంది.

గుంతకల్లు_జాయింటర్
భేష్. కాగితంలో ఇవి తప్పకుండా ఉండాలి. ప్రతి ఇంట్లో డబ్బా పెట్టిన రోజు పవర్ మీటర్‌తో లైటు కొలిచి ఆ అంకె రాసివ్వాలి. మైనస్ 25 కంటే కిందికి, అంటే మైనస్ 26, 27 అలా ఉంటే ఒప్పుకోవద్దు, మైనస్ 20 దగ్గర ఉంటే బాగున్నట్టు. రేపు స్లో అయినప్పుడు మళ్లీ కొలిస్తే తప్పు వైరుదో, ఆయన వెనక కనెక్షన్‌దో తెలిసిపోతుంది. రెండోది, తెగితే ఎన్ని గంటల్లో అతకాలి, దాటితే రోజుకు ఎంత బిల్లు తగ్గించాలి. మూడోది, ఆయన పైనుంచి ఎంత బ్యాండ్‌విడ్త్ (నెట్ సామర్థ్యం) కొని మీకు పంచుతున్నాడో అడగండి. అక్కడ పీనాసితనం చేస్తే ఫైబర్ వేసి కూడా సాయంత్రం మళ్లీ మీ పాత కథే. డబ్బా 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉన్నదే ఇవ్వమనండి.

ఊర్లో ఒక కుర్రాడికి తెగిన డ్రాప్ వైరుకు కనెక్టర్ వేయడం నేర్పించండి. దానికి లక్ష రూపాయల మెషిన్ అక్కర్లేదు, చిన్న కిట్ చాలు. సగం రిపేర్లు అదే.

పెన్నా_ఒడ్డు_పెద్దాయన
అడ్వాన్స్‌కు రసీదు తీసుకో. ఇల్లు తాళం వేసిన నెలలకు, ముందే చెబితే బిల్లు ఉండదు, డబ్బా ఊర్లోనే ఉంటుంది, తిరిగొచ్చాక మళ్లీ డిపాజిట్ అడగకూడదు అని రాయించు. ఆయన ఏడాదికి రెండు నెలలకు మించి ఒప్పుకోడు, నువ్వు నాలుగు అడుగు.

వేరుశనగ_చేను
నాలుగు అడిగితే మూడుకు ఒప్పుకున్నాడు 🙂 రిపేరు 48 గంటలు. బ్యాండ్‌విడ్త్ అంకె మాత్రం చెప్పకుండా దాటేస్తున్నాడు, అది చెప్పేదాకా సంతకం లేదన్నాం. మేటు అన్న చెప్పింది గుర్తుంచుకుని పంచాయతీ ఆఫీసు వరండాకు ఒక కనెక్షన్ ఊరి తరఫున అడిగాం, మా ఊరి మేట్లు ఫోటోలు అక్కడ ఎక్కించుకోవచ్చు. దాని బిల్లు ఇరవై ఆరు ఇళ్లూ పంచుకుంటాయి, తలా ఇరవై లోపే పడుతుంది.

నార్పల_మేటు
మా పంచాయతీలో కూడా చెప్పి చూస్తా తమ్ముడూ.

బ్రహ్మసముద్రం_రాజు
ఆ కేబుల్ ఆయన నంబర్ ఇవ్వండి అన్నా. మాది మీ పక్క మండలమే.

మోడరేటర్
నంబర్లు ఇక్కడ పెట్టకండి. ప్రైవేటు మెసేజ్‌లో ఇచ్చుకోండి.

బ్రహ్మసముద్రం_రాజు
సరే. కానీ మా ఊరు చిన్నది, పదకొండు ఇళ్లే ఒప్పుకునేలా ఉన్నాయి. అంత తక్కువకు వస్తాడా?

గుంతకల్లు_జాయింటర్
పదకొండుకు 1:16 స్ప్లిటర్ చాలు, లైటుకు ఇబ్బంది లేదు. మెయిన్ కేబుల్ మీ ఊరికి ఎంత దగ్గరగా పోతోందో, మధ్యలో కరెంటు స్తంభాలు ఎన్నో లెక్కపెట్టి ఇక్కడ రాయండి. ఎంత ఖర్చవుతుందో అప్పుడు చెబుతా.